విద్యార్థుల రేడియో: లైసెన్సు ఎవరి పేరున?

ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం 1963 ఆగస్టు 4న ప్రసారాలు ప్రారంభించిందని రెండు నెలల క్రితం ఈ శీర్షికలో రాశాము. దానికి స్పందనగా వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆకాశవాణిని వదిలి, విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులే నడుపుకొనే రేడియోల గురించి అడిగాయి. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, అయిదు ఉత్తరాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: విదేశాల్లో విద్యార్థులే నడిపే రేడియో కేంద్రాలు ఉన్నాయని మా అధ్యాపకులు చెప్పారు. వాటిలో మొట్టమొదటిది ఏది? అది ఎవరి అనుమతితో మొదలైంది? (ఒక డిగ్రీ విద్యార్థిని, పెదవాల్తేరు)

సమాధానం: ‘విద్యార్థులు నడపడం’ అన్న మాటకు మనం చెప్పుకొనే అర్థాన్ని బట్టి మొదటి కేంద్రం పేరు మారుతుంది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం తొలినాళ్లలోనే ప్రసార ప్రయోగాలు చేసింది కాని, అవి భౌతికశాస్త్ర విభాగం ఆచార్యుల చేతుల మీదుగా సాగాయి. న్యూయార్క్ రాష్ట్రంలో స్కెనెక్టడీ అనే ఊళ్లోని యూనియన్ కాలేజీ విద్యార్థులు 1920 అక్టోబరు నుంచి ప్రసారాలు చేశారు కనుక, తమదే మొదటిదని ఆ కాలేజీ వారు చెప్పుకొంటారు. అయితే కార్యక్రమాలు నిర్ణయించడం, గొంతు ఇవ్వడం, యంత్రాలు చూసుకోవడం, ఖర్చు లెక్కలు రాసుకోవడం అన్నీ విద్యార్థులే చేసుకొనే కేంద్రం అన్న అర్థంలో అయితే, మనం రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం పేరు చెప్పుకోవాలి.

అక్కడ 1936లో జార్జ్ అబ్రహాం, డేవిడ్ బోర్స్ట్ అనే ఇద్దరు విద్యార్థులు ఒక హాస్టల్ గది నుంచి మరో హాస్టల్ గదికి తీగలు లాగి, తక్కువ శక్తి గల రేడియో సంకేతాన్ని వాటి మీదుగా పంపారు. గదుల్లోని మామూలు రేడియోలే ఆ సంకేతాన్ని అందుకొన్నాయి. దానికి వారు ‘బ్రౌన్ నెట్‌వర్క్’ అని పేరు పెట్టుకొన్నారు. అనుమతి మాటకు వస్తే, ఆ సంకేతం హాస్టళ్ల గోడలు దాటి దూరం పోదు కనుక ప్రభుత్వ లైసెన్సు అవసరం రాలేదు. ఈ చిన్న వెసులుబాటే తరువాతి ముప్ఫై ఏళ్ల చరిత్రను నడిపించిందని నా అభిప్రాయం. లైసెన్సు కోసం అర్జీ పెట్టుకోవలసి ఉంటే, పంతొమ్మిది ఇరవై ఏళ్ల కుర్రవాళ్ల ఊహ ఏ అధికారి బల్ల మీదనో ఆగిపోయి ఉండేది.

ఆ ఊహ ఇతర కాలేజీలకు ఎంత వేగంగా పాకిందంటే, 1940 నాటికే అబ్రహాం, బోర్స్ట్ కలిసి ఇటువంటి కేంద్రాలన్నిటినీ కలిపే ఒక సంఘాన్ని ఏర్పాటు చేయవలసి వచ్చింది. ఆ సంవత్సరం డిసెంబరులోనే హార్వర్డ్‌లో విద్యార్థుల దినపత్రిక ‘క్రిమ్సన్’ తన పేరుతో ఒక రేడియోను మొదలుపెట్టింది, ప్రిన్స్‌టన్‌లో ఒక విద్యార్థి తన హాస్టల్ గదిలోనే మరొకటి ప్రారంభించాడు. మరుసటి ఏడు యేల్ వారు చేరారు. న్యూయార్క్‌లోని కొలంబియా విద్యార్థులకు మరో అదృష్టం కలిసి వచ్చింది. ఎఫ్.ఎం. పద్ధతిని కనిపెట్టిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడే ఆచార్యుడు.

హార్వర్డ్ రేడియోలో ఇప్పటికీ చెప్పుకొనే కథ ఒకటి ఉంది. 1943లో ఒక విద్యార్థి కష్టమైన పరీక్ష రాసి నేరుగా స్టూడియోకు వచ్చి, బీథోవెన్ సింఫనీలు తొమ్మిదింటినీ ఒకదాని తరువాత ఒకటి వరసగా వినిపించాడట. అప్పటి నుంచి పరీక్షల కాలంలో ఒకే సంగీతకారుడి రచనలను గంటల తరబడి ప్రసారం చేయడం ఆ కేంద్రానికి ఆచారమైంది. పై అధికారి ఎవరూ లేని చోట మాత్రమే పుట్టగల ఆచారం ఇది.

అదే కాలంలో మన వాల్తేరు పరిస్థితి వేరు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది, ఆవరణ సైన్యం చేతికి వెళ్లింది, తిరిగి రావడానికి 1946 అయింది. యుద్ధం మొదలైన 1939లోనే మన దేశంలో హామ్ రేడియో వారి, అంటే సరదాగా సొంత యంత్రాలతో సంకేతాలు పంపుకొనే ఔత్సాహికుల, ప్రసారాలను సైతం ప్రభుత్వం నిలిపివేసింది. అక్కడి హాస్టల్ గదుల్లో తీగలు లాగుకొంటున్న వయసు పిల్లలు ఇక్కడ పెట్టెలు సర్దుకొని రైలెక్కారు.

ప్రశ్న: కరెంటు తీగల మీదుగా కూడా రేడియో కార్యక్రమాలు పంపేవారని ఒకచోట చదివాను. కరెంటు ప్రవహించే తీగ మీద రేడియో సంకేతం ఎలా వెళ్తుంది? (ఐ.టి.ఐ. ఎలక్ట్రీషియన్ విద్యార్థి, మద్దిలపాలెం)

సమాధానం: బ్రౌన్ విద్యార్థుల పద్ధతికి మెరుగులు దిద్దగా వచ్చిన ఏర్పాటే అది. ప్రతి హాస్టల్‌కూ కొత్తగా తీగలు లాగే బదులు, గోడల్లో ఇప్పటికే ఉన్న కరెంటు తీగలనే వాడుకొన్నారు.

మన ఇళ్లలోని కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. మీడియం వేవ్ రేడియో సంకేతం సెకనుకు సుమారు 5 లక్షల నుంచి 16 లక్షల సార్లు ఊగుతుంది. రెండింటికీ అంత తేడా ఉండటం వల్ల ఒకే తీగ మీద రెండూ ఒకదానికొకటి అడ్డం రాకుండా సాగిపోతాయి. కాలువలో నీరు ఒక వేగంతో పారుతూ ఉండగానే గాలికి లేచిన చిరు అలలు దాని మీదుగా తమ దారిన పోవడం వంటిదే ఇది. ట్రాన్స్‌మిటర్‌కూ కరెంటు తీగకూ మధ్య తగిన కెపాసిటర్ పెడితే, అది 50 హెర్ట్జ్ కరెంటును ట్రాన్స్‌మిటర్ వైపు రాకుండా ఆపి, రేడియో సంకేతాన్ని మాత్రం తీగలోకి పోనిస్తుంది. అప్పుడు గోడలోని తీగ మొత్తం పొడవాటి ఏరియల్‌గా మారుతుంది. పక్కనే బల్ల మీద ఉన్న రేడియోకు సంకేతం చక్కగా అందుతుంది, భవనం దాటి కొద్ది దూరం నడిచేసరికి మాయమవుతుంది.

దీనికి ఒక ఇబ్బంది ఉంది. వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఆ సంకేతాన్ని అవతలికి పోనివ్వదు. అందువల్ల వేరువేరు ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి కరెంటు అందుకొనే భవనాలకు వేరువేరు చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టి, స్టూడియో నుంచి వాటికి టెలిఫోను తీగల ద్వారా మాటను చేరవేయవలసి వచ్చేది. రేడియోలో ఎప్పుడూ వినిపించే బొయ్యిమనే మోత సరేసరి.

బ్రిటన్‌లో చాలా విశ్వవిద్యాలయాలు భవనం చుట్టూ తీగ చుట్ట వేసి దాని అయస్కాంత క్షేత్రం ద్వారా ప్రసారం చేసే మరో పద్ధతిని అనుసరించాయి. అక్కడ 1967లో యార్క్ విశ్వవిద్యాలయం విద్యార్థులు తమ రేడియోను స్థాపించేనాటికి, బి.బి.సి. తప్ప చట్టబద్ధమైన రేడియో మరొకటి లేదు. లండన్‌లో మొదటి వాణిజ్య రేడియో రావడానికి 1973 దాకా పట్టింది. అంటే ఆ దేశంలో వ్యాపారస్థుల కంటే విద్యార్థులే ముందున్నారు.

ఎలక్ట్రీషియన్ శిక్షణలో ఉన్నారు కనుక మీకు ఉత్సాహం కలగవచ్చు. మెయిన్స్ తీగకు ఏదైనా తగిలించడం ప్రాణాపాయం. పైగా అమెరికాలోని మినహాయింపు మన చట్టంలోనూ ఉందని అనుకోవద్దు. కాగితం మీద సర్క్యూట్ గీసి మీ శిక్షకుడికి చూపించండి, అక్కడితో ఆపండి.

ప్రశ్న: అమెరికాలో 1936లో, బ్రిటన్‌లో 1967లో సాధ్యమైన పని మన దేశంలో 2004 దాకా ఎందుకు సాధ్యం కాలేదు? మన విద్యార్థులకు తెలివి లేదా, ఆసక్తి లేదా? (పదవీ విరమణ చేసిన ఒక లెక్చరర్, ఎం.వి.పి. కాలనీ)

సమాధానం: రెండూ ఉన్నాయి. లేనిది అనుమతి.

నిజానికి మన దేశంలో రేడియో పుట్టుకే ఔత్సాహికుల క్లబ్బుల్లో జరిగింది. మద్రాసులో సి.వి. కృష్ణస్వామి చెట్టి చొరవతో 1924లో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడి ప్రసారాలు చేసింది. డబ్బు చాలక అది మూతపడిన తరువాత, దాని ట్రాన్స్‌మిటర్‌ను తీసుకొని మద్రాసు కార్పొరేషన్ 1930లో ప్రసారాలు మొదలుపెట్టింది. 1936లో ఆలిండియా రేడియో అన్న పేరు వచ్చింది. అదే ఏడు బ్రౌన్ విద్యార్థులు తీగలు లాగారన్నది గమనించండి. అక్కడ రేడియో పై నుంచి కిందికి దిగుతున్నప్పుడు, ఇక్కడ కింది నుంచి పైకి వెళ్లి ప్రభుత్వం చేతిలో స్థిరపడింది.

దానికి చట్టపరమైన ఆధారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. తంతి సంకేతాలు, తరువాతి సవరణలతో వైర్‌లెస్ సంకేతాలు కూడా పంపే హక్కు ప్రభుత్వానిదేనని ఆ చట్టం చెప్పింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా ఆ ఏర్పాటు మారలేదు. ప్రసారం చేయడం సంగతి అలా ఉంచి, ఇంట్లో రేడియో పెట్టుకొని వినడానికి కూడా పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి లైసెన్సు పుస్తకం మీద స్టాంపులు వేయించుకొన్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి.

1969లో ఆకాశవాణి ‘యువవాణి’ని ప్రారంభించి యువకుల చేతనే కార్యక్రమాలు చేయించింది. తెలుగు కేంద్రాల్లో ఆ కార్యక్రమం ద్వారా మైకు భయం పోగొట్టుకొన్నవారు ఎందరో ఉన్నారు. దానిని తక్కువ చేయలేము. కాని ఏది ప్రసారం కావాలో నిర్ణయించింది కేంద్రం అధికారులే తప్ప విద్యార్థులు కారు. వచ్చి మాట్లాడి వెళ్లే అతిథికీ ఇంటివాడికీ ఉన్న తేడా అది.

మార్పు న్యాయస్థానం నుంచి వచ్చింది. క్రికెట్ పోటీల ప్రసార హక్కుల వివాదంలో సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న తీర్పు చెబుతూ, ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటి మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం తగదనీ పేర్కొంది. ఆ ధర్మాసనంలో ఒకరు మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. బంతి ఆట హక్కుల కోసం సాగిన వ్యాజ్యం చివరికి రేడియోకు తలుపు తెరవడం విచిత్రమే.

ఆ తీర్పు తరువాత కూడా ఏడేళ్లకు పైగా గడిచాయి. 2002 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పేరున్న విద్యాసంస్థలకు మాత్రం రేడియో కేంద్రాలు పెట్టుకొనే వీలు కల్పించింది. చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం 2004 ఫిబ్రవరి 1న 90.4 మెగాహెర్ట్జ్ మీద ప్రసారాలు మొదలుపెట్టి ఈ వరసలో మొదటిదైంది. 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకూ, కృషి విజ్ఞాన కేంద్రాలకూ అవకాశం వచ్చింది. ఆ దారిలోనే 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గరి మాచునూరులో దళిత మహిళలు నడిపే ‘సంఘం రేడియో’ మొదలైంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ‘బోల్ హైదరాబాద్’, భీమవరంలో మహిళా ఇంజనీరింగ్ కళాశాల నడిపే ‘రేడియో విష్ణు’ కూడా ఈ కోవలోనివే.

ముందు కాలేజీలకే ఎందుకు ఇచ్చారన్నది ఆలోచించదగిన విషయం. కాలేజీకి ప్రిన్సిపాల్ ఉంటాడు, ఆయన పైన పాలకమండలి ఉంటుంది, ఏదైనా తేడా వస్తే పిలిచి అడగడానికి ఒక మనిషి దొరుకుతాడు. విద్యార్థుల మీద నమ్మకం కంటే ఈ ధీమాయే ప్రభుత్వాన్ని ఒప్పించి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

ప్రశ్న: మద్దిలపాలెం ప్రాంతంలో ఒక కాలేజీ రేడియో పెడితే మా సాగర్‌నగర్‌కు వినిపిస్తుందా? గాజువాకకు? కైలాసగిరి మీద యాంటెన్నా పెడితే ఊరంతటికీ అందుతుంది కదా! (ఒక గృహిణి, సాగర్‌నగర్)

సమాధానం: కైలాసగిరి గురించిన మీ ఆలోచన ఇంజనీరింగ్ దృష్టితో చూస్తే సరైనది, నిబంధనల దృష్టితో చూస్తే కుదరనిది. 2006 నాటి మార్గదర్శకాల ప్రకారం విశ్వవిద్యాలయాలూ ఇతర విద్యాసంస్థలూ ట్రాన్స్‌మిటర్‌నూ యాంటెన్నానూ తమ ప్రధాన ఆవరణలోనే పెట్టుకోవాలి. యాంటెన్నా ఎత్తు నేల నుంచి 15 మీటర్లకు తగ్గకూడదు, 30 మీటర్లు మించకూడదు. ప్రసార శక్తి సాధారణంగా 100 వాట్ల దాకా ఉండవచ్చు, ప్రత్యేక అవసరం రుజువు చేస్తే 250 వాట్ల దాకా ఇస్తారు. దీనితో 5 నుంచి 10 కిలోమీటర్ల దూరం అందుతుందని అంచనా.

ఎఫ్.ఎం. తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరకే పోతాయి, కొండ అడ్డం వస్తే దాని వెనుక నీడ పడుతుంది. మద్దిలపాలెం నుంచి ఋషికొండ వైపు గీత గీస్తే కైలాసగిరి సరిగ్గా దారిలో వస్తుంది. కనుక దూరం పది కిలోమీటర్ల లోపే అయినా మీ సాగర్‌నగర్‌లో మేడ మీద అంది కింది గదిలో అందకపోవచ్చు. గాజువాకకు దూరమే పది కిలోమీటర్లు దాటుతుంది. వాల్తేరు, ఎం.వి.పి. కాలనీ, సిరిపురం, జగదాంబ ప్రాంతాలకు మాత్రం ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: మేము కొందరం విద్యార్థులం కలిసి రేడియో కేంద్రం పెట్టాలనుకొంటున్నాము. మా సంఘం పేరున లైసెన్సు వస్తుందా, లేక యాజమాన్యం పేరునే తీసుకోవాలా? పేరు ఎవరిదైనా నడిపేది మేమే అయినప్పుడు తేడా ఏముంటుంది? (ఇంజనీరింగ్ మూడవ సంవత్సరం విద్యార్థులు, మధురవాడ)

సమాధానం: తేడా చాలా ఉంటుంది. హ్యూస్టన్ నగరంలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఏమి జరిగిందో చెబుతాను.

అక్కడ 1967లో విద్యార్థులు హాస్టల్ గదుల్లోని బజర్ తీగల మీదుగా ఒక రేడియో మొదలుపెట్టారు. 1971లో అది ఎఫ్.ఎం. అయింది, కాలక్రమంలో 50,000 వాట్ల కేంద్రంగా ఎదిగింది. నాలుగు దశాబ్దాలు తరం తరువాత తరం విద్యార్థులే దానిని నడిపారు. 2010లో ఒకరోజు, ఆ కేంద్రం లైసెన్సునూ టవర్‌నూ సుమారు 95 లక్షల డాలర్లకు మరో విశ్వవిద్యాలయానికి అమ్ముతున్నట్లు యాజమాన్యం ప్రకటించింది. విద్యార్థులు నిరసన తెలిపారు, ప్రసార నియంత్రణ సంస్థకు అభ్యంతరాలు పంపారు, అయినా 2011లో అమ్మకం పూర్తయింది. లైసెన్సు విశ్వవిద్యాలయం పేరున ఉంది కనుక చట్టరీత్యా అందులో తప్పు పట్టడానికి లేదు. విద్యార్థులు ఇంటర్నెట్‌లోకి మారి, 2015లో మళ్లీ తక్కువ శక్తి గల ఒక ఎఫ్.ఎం.ను సంపాదించుకొన్నారు.

ఆ కేంద్రం అంత పెద్దది కాకుండా ఉంటే ఎవరూ కొనేవారు కారన్నది గమనించవలసిన విషయం. అమెరికాలో 1948 నుంచి విద్యాసంస్థలకు 10 వాట్ల ఎఫ్.ఎం. లైసెన్సులు తేలికగా ఇచ్చేవారు. 1978లో కొత్తవి ఇవ్వడం ఆపి, ఉన్నవారిని 100 వాట్లకు పెంచుకోమన్నారు, పెంచుకోకపోతే ఇతర కేంద్రాల నుంచి రక్షణ ఉండదన్నారు. పెంచుకోవడానికి డబ్బు కావాలి, డబ్బు యాజమాన్యం ఇవ్వాలి, ఇచ్చిన యాజమాన్యం లెక్క అడుగుతుంది. దీనికి భిన్నంగా హార్వర్డ్, ప్రిన్స్‌టన్ విద్యార్థులు లాభాపేక్ష లేని ప్రత్యేక సంస్థలు ఏర్పరచుకొని లైసెన్సును వాటి పేరున ఉంచుకొన్నారు, ప్రకటనల ఆదాయంతో తమ ఖర్చు తామే భరించుకొన్నారు. ఆ కేంద్రాలు ఇప్పటికీ విద్యార్థుల చేతిలోనే ఉన్నాయి.

ఇక మీ సంగతి. మన దేశంలో వ్యక్తులకు లైసెన్సు రాదు. రాజకీయ పార్టీలకూ, వాటి అనుబంధ విద్యార్థి సంఘాలకూ రాదు. లాభాపేక్ష లేని సంస్థగా నమోదై, కనీసం మూడేళ్లుగా పనిచేస్తున్నవారే అర్హులు. మీరు మూడవ సంవత్సరంలో ఉన్నారు. ఈరోజే సొసైటీ నమోదు చేయించినా అర్హత వచ్చే నాటికి మీ చేతికి పట్టాలు వచ్చి ఏడాదైనా అయి ఉంటుంది. కాబట్టి ఆచరణలో దరఖాస్తు చేయవలసింది మీ కాలేజీయే.

అలాంటప్పుడు దరఖాస్తు పంపే ముందే యాజమాన్యంతో ఒక ఒప్పందం రాయించుకోండి. కార్యక్రమాల సంఘంలో విద్యార్థులు ఎందరు ఉంటారు, వారిని ఎవరు ఎన్నుకొంటారు, ఒక కార్యక్రమాన్ని ఆపే అధికారం ఎవరిది, ఆపితే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలా అన్నవి అందులో ఉండాలి. రెండవ సంవత్సరం విద్యార్థులకు స్టూడియో పనులు నేర్పకుండా చివరి సంవత్సరం వారు వెళ్లిపోవడం వల్ల మూలపడిన యంత్రాలను నేను ఒక కాలేజీలో స్వయంగా చూశాను. ధ్వనులను కలిపే మిక్సర్ ఉన్న గదికి తాళంచెవి కూడా దొరకలేదు, దొరికాక ఆ యంత్రాన్ని వాడటం తెలిసినవారు దొరకలేదు.

వార్తలు మీరు సొంతంగా తయారు చేయడానికి వీలు లేదు, ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్లు తిరిగి ప్రసారం చేసుకోవచ్చు. 1968లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆందోళనలు జరిగినప్పుడు అక్కడి విద్యార్థుల రేడియో వాటిని ప్రత్యక్షంగా వినిపించింది. ఇక్కడ అటువంటిది కుదరదు, నా దృష్టిలో ఇది మన నిబంధనల్లోని పెద్ద లోటు. అయితే పరీక్షలు, ఫలితాలు, ప్రవేశాలు, ఉద్యోగ సలహాలు, ట్రాఫిక్, నీళ్లు, కరెంటు, వాతావరణం, ప్రకృతి వైపరీత్యాల సమాచారం వార్తల కిందికి రావు. ప్రసారం చేసిన ప్రతిదాన్నీ మూడు నెలల పాటు భద్రపరచాలి. సినిమా పాటలకు హక్కుదారుల అనుమతి కావాలి, ఇంటర్నెట్‌లో ప్రసారం చేసినా ఈ నియమం తప్పదు.

మరొక నిబంధన ప్రకారం కార్యక్రమాల్లో కనీసం సగం స్థానిక ప్రజల భాగస్వామ్యంతో తయారు కావాలి. మీ ఉత్తరంలో కళాశాల ఉత్సవాలు, పాటల కార్యక్రమాలు, ఇంటర్వ్యూల ప్రస్తావన ఉంది కాని, మీ చుట్టుపక్కల ఊళ్ల ఊసు లేదు. మధురవాడ నుంచి భీమిలి దాకా తీరం పొడవునా మత్స్యకారుల పల్లెలు ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన తరువాత కరెంటూ సెల్‌ఫోన్లూ లేని ఆ రోజుల్లో బ్యాటరీ రేడియో విలువ ఏమిటో వారికి తెలుసు. లైసెన్సు వచ్చే దాకా ఆగనక్కరలేదు. ఒక రికార్డర్ తీసుకొని ఈ ఆదివారం పడవలు ఒడ్డుకు వచ్చే వేళకు వెళ్లి, వేటకు వెళ్లే ముందు వారికి ఏ సమాచారం ఏ సమయానికి కావాలో అడిగి రండి. మీ దరఖాస్తులో కార్యక్రమాల వివరాలు రాయవలసిన చోట రాయడానికి అది పనికి వస్తుంది.